తొట్టి మరిచిపోయిన బాప్టిస్టులు

బైబిలు కళాశాల నుంచి కొత్తగా బయటపడి, ఇస్త్రీ చెదరని తెల్లచొక్కాలతో సంఘాల్లోకి అడుగుపెడుతున్న తమ్ముళ్ళారా, మీకు గ్రీకు బాగా వచ్చని విన్నాను. సంతోషం. ముప్పై ఏళ్ళకు పైగా పాస్టరు పని చేసి మొన్ననే దిగిపోయిన నాకు ఒక్కరంటే ఒక్కరు గ్రీకులో ఫిర్యాదు చెయ్యలేదు. వచ్చినవన్నీ తెలుగులోనే వచ్చాయి, కోపం ఎక్కువైనప్పుడు కొంచెం ఉర్దూ కలిసి వచ్చాయి.

ఒక నిండు మనిషిని నిండుగా ముంచడానికి ఎన్ని బిందెల నీళ్ళు కావాలో మీ పుస్తకాల్లో లేదు. కార్యదర్శి నివేదిక చదువుతుంటే ఆపడం ఎలాగో లేదు. నోరు తెరవవలసిన చోట మూసుకు కూర్చున్న పాస్టరు గతి ఏమవుతుందో అసలే లేదు. ఈ మూడు పాఠాలూ నేను చిక్కడపల్లి, అశోక్ నగర్ల మధ్య ఒకే సిమెంటు తొట్టిలో నేర్చుకున్నాను. పదోన్నతుల గురించీ శాలువాల గురించీ రాయను. ఆ శాలువాలు మా ఇంట్లో ఇప్పుడు కిటికీలకు, దోమలకు అడ్డంగా ఉన్నాయి.

తెలియనివారికి ఒక్క మాట. మా బాప్టిస్టులకు ఉన్న పట్టింపు ఒకటే: బుద్ధి తెలిసినవాడు తనంతట తాను ఒప్పుకుని నీళ్ళలో పూర్తిగా మునగాలి. తలవెంట్రుక ఒక్కటి పైన తేలినా మా పెద్దలకు ఆ రాత్రి నిద్ర పట్టదు. పసిపిల్లల నుదుటి మీద నీళ్ళు చిలకరించే సంఘాలంటే మాకు ఎంతో ప్రేమ, ఎంతో గౌరవం, ఇంకా ఎంతో జాలి. మునిగినవాళ్ళకే మా దగ్గర ప్రభువు బల్ల, అంటే ఆ రొట్టెముక్కా ద్రాక్షరసమూ. మునగనివాళ్ళు కీర్తనలు పాడవచ్చు, చాపలు పరవవచ్చు, తరవాత చుట్టనూవచ్చు.

వరండాలో పుట్టిన సంఘం

మా సంఘం అశోక్ నగర్లో ఒక వరండాలో పుట్టింది. రాష్ట్రం ఏర్పడ్డాక కోస్తా నుంచి ఉద్యోగాలతో వచ్చిన బాప్టిస్టు కుటుంబాలు పది కూడి, ఊళ్ళో ఉన్న పెద్ద సంఘాల్లో తమకు ముందువరుస దొరకదని గ్రహించి, కొత్త సంఘం పెట్టాయి. అందులో పది కుటుంబాలకీ ముందువరుసే. వరండా వెడల్పు అంత.

ఆ వరండా ఉన్న ఇంట్లో అద్దెకున్నది జాకబ్‌గారు. గుంటూరు మనిషి, ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు, మా సంఘానికి వ్యవస్థాపక కార్యదర్శి. ఆరడుగుల పైన ఇంకో జానెడు ఉండేవారు. ఆయన ప్రార్థన చేస్తే పరలోకానికి అర్జీ పెట్టినట్టుండేది: విషయం, సూచిక, మనవి, సంతకం. దేవుడు కూడా మూడు పనిదినాల్లో జవాబివ్వాలని ఆయన ఉద్దేశం.

ఆ ఇంటి యజమాని సుబ్బారాయుడుగారు, గోదావరి జిల్లా ప్లీడరు. మూడుపూటలా సంధ్యావందనం చేసే ఆ పెద్దమనిషి మాకు పెట్టిన షరతు ఒక్కటే. "ప్రార్థన చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదండీ. పాడితే మాత్రం శ్రుతిలో పాడండి. మీ జాకబ్‌గారు ఎత్తుకుంటే మా ఆవు పాలివ్వటం లేదు."

నేను ఇరవై ఏడేళ్ళ వయసులో, పెళ్ళైన కొత్తలో ఆ సంఘానికి పాస్టరుగా వచ్చాను. నల్లగొండలో పుట్టి, కోస్తాలో చదివి, రెండు యాసలూ సరిగ్గా రాకుండా పోయినవాణ్ణి. మా కాపురం జాకబ్‌గారి ఇంటి వెనకగదిలో. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నా ధైర్యసాహసాలకు ఇదే కారణం. కార్యదర్శి ఇంటి వెనకగదిలో ఉన్న పాస్టరు దగ్గుకూడా ఆయన గొంతుతోనే దగ్గుతాడు.

ఎల్లమ్మ మా దగ్గరికి ఇసకకుప్ప మీది నుంచి వచ్చింది. పాలమూరు నుంచి కూలిపనికి వచ్చిన గుంపులో మనిషి. పక్కవీధిలో ఇల్లు కడుతుంటే తట్టలు మోసేది. ఆదివారం పూట ఇసకకుప్ప మీద కూర్చుని మా పాటలు వినేది. అవి విని కూడా లోపలికి వచ్చిందంటే ఆమె విశ్వాసం ఎంతటిదో ఊహించుకోండి. ఒక వానరోజున వరండా ఎక్కితే జాకబ్‌గారు ఎంతో ఆదరంగా చెప్పుల పక్కన చోటు చూపించారు. మూడు నెలల్లో నా దగ్గరికి వచ్చి, "అయ్యగారు, నేను గూడ మునుగుత" అంది.

హుస్సేన్ సాగర్లో నా ప్రతాపం

నా మొదటి తప్పు ఉత్సాహం. కుర్ర పాస్టర్లకు ఇది జలుబులాంటిది, అందరికీ వస్తుంది.

మాకు సొంత తొట్టి లేదు. యొర్దాను దూరం, మూసీ దగ్గరికి ముక్కున్న మనిషి వెళ్ళలేడు. నేను మహా తెలివిగా ఇద్దరిని హుస్సేన్ సాగర్ గట్టుకి తీసుకెళ్ళాను. ఒకడు రాంనగర్ టైలరు, ఒకతె ఎల్లమ్మ. సంఘమంతా గట్టుమీద నిలబడి పాట ఎత్తుకుంది. ఆ పాటకు సగం నగరం ఆగింది. టైలరుని పట్టుకుని నడుములోతు నీళ్ళలోకి దిగి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున అని వెనక్కి వంచి ముంచానో లేదో, గట్టు మీంచి ఒకాయన సైకిలు పారేసి ఏనుగు దూకినట్టు దూకాడు. నా చేతుల్లోంచి టైలరుని లాక్కుని, వాణ్ణి భుజానేసుకుని, నా చొక్కా పట్టుకున్నాడు.

"ఏమయ్యా! పట్టపగలు మనిషిని సంపుతున్నవా?"

"సంపుతలేనన్నా, రక్షణ..." అన్నాను.

"రక్షిస్తున్నది నేను! నువ్వు ముంచుతున్నవ్!"

వేదాంతపరంగా నాకు ఇంతకంటే గట్టి ప్రశ్న ఇన్నేళ్ళలో ఎదురవలేదు. పోలీసు వచ్చాడు, జనం మూగారు, టైలరు సగం మునిగాడా పూర్తిగా మునిగాడా అన్నది ఈనాటికీ తేలలేదు. తెల్లచీర కట్టుకుని గట్టుమీద తన వంతు కోసం నిలబడ్డ ఎల్లమ్మ, ఆ తెల్లచీరతోనే పొడిపొడిగా ఇంటికి వెళ్ళింది.

జాకబ్‌గారు ఆ వారమే రెండు తీర్మానాలు చేయించారు. ఒకటి, ఇకమీదట బహిరంగ జలాశయాల్లో బాప్తిస్మం లేదు. రెండు, ఎవర్ని ముంచాలన్నా ముందు పెద్దల కమిటీ పరీక్ష చెయ్యాలి. ఆ పరీక్ష మొట్టమొదట రాసింది, రాసి తప్పింది ఎల్లమ్మే. పది ఆజ్ఞలూ చెప్పమంటే తొమ్మిది చెప్పింది, అవీ వరస తప్పి. దొంగిలకూడదన్నది విగ్రహాల కంటే ముందొచ్చిందట. కమిటీలో ఆరుగురిలో నలుగురు ఆమెతోపాటు లోలోపల వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకోవడం నేను కళ్ళారా చూశాను.

"జ్ఞానం చాలదండి, వాయిదా వేద్దాం" అన్నారు జాకబ్‌గారు.

నేను నోరు మెదపలేదు. వెనకగదికి వెళ్ళాక మా ఆవిడ కరుణ అన్నం వడ్డిస్తూ, "మీ నోరు ఆదివారం పూటే పనిచేస్తుందా, మిగతా రోజుల్లో సెలవా?" అంది. పాస్టరు భార్యలు జీతం లేని పెద్ద అధికారులు. వాళ్ళ మాట వినండి. నేను అప్పుడు వినలేదు.

ఆ తరవాత రెండేళ్ళు ఎల్లమ్మ చెప్పుల పక్కనే కూర్చుంది. నెలకో ఆదివారం రొట్టె పళ్ళెం వరసలో అందరి ముందునుంచీ వచ్చి, సరిగ్గా ఆమె దగ్గర వంకర తిరిగేది, బస్సు ఒక స్టాపులో ఆగకుండా పోయినట్టు.

పింగాణీ గిన్నె

అరవై ఎనిమిదిలో సుబ్బారాయుడుగారి గోడ పక్కనే ఖాళీ స్థలం దొరికి, మందిరం కట్టడం మొదలుపెట్టాం. కమిటీ వేశాం. కమిటీకి ఉపకమిటీ వేశాం. గంట ఏ శ్రుతిలో మోగాలో తేల్చడానికి ముగ్గురితో ఒక బృందం వేశాం. ఆ గంట పెళ్ళికి మోగించినా ఏడుపొచ్చేలా మోగింది, అది వేరే కథ.

ప్లాను జాకబ్‌గారే తెప్పించారు. "మా గుంటూరులో నేను పుట్టి పెరిగిన గుడి ఉందండి. దాని నకలు. అంత చక్కటి గుడి ఆసియా ఖండంలో లేదు" అన్నారు. మేమంతా ప్లాను చూశాం. గంటగోపురం బాగుందన్నాం. కిటికీలు బాగున్నాయన్నాం. గుమ్మం దగ్గర చిన్న రాతిస్తంభం, దాని మీద అందమైన పింగాణీ గిన్నె పెట్టే ఏర్పాటు బాగుందన్నాం. కడపటి సున్నం వేస్తున్నప్పుడు పెద్దలందరం నడుముల మీద చేతులు పెట్టుకుని, భవనం మేమే మోసి కట్టినట్టు నిలబడి చూస్తున్నాం. కట్టిన కూలీలలో ఎల్లమ్మ ఒకతె. తట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుని, నాలుగు మూలలూ తేరిపార చూసింది.

"అయ్యగారు, అంత మంచిగనే ఉన్నది గనీ, మునిగేది ఏడ?"

పెద్దలందరం ఆమెతోపాటు నాలుగు మూలలూ వెతికాం. ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి పింగాణీ గిన్నెలోకి తొంగిచూసింది.

"గీ గిన్నెల నేనెట్ల మునుగుత సార్? నా కాలు గూడ పట్టదు."

తమ్ముళ్ళారా, ఆలోచించండి. బాప్టిస్టు సంఘం, ఆరుగురు పెద్దలు, ఒక పాస్టరు, కమిటీ, ఉపకమిటీ. ఇంతమందిమి కలిసి ఏడాదిపాటు ప్లాను మీద చర్చించి, బాప్తిస్మం తొట్టి మరిచిపోయాం. మంగలిషాపు కట్టి కత్తి మరిచినా ఇంత సిగ్గుండదు. అది చిలకరించే సంఘంవారి గుడి నమూనా అని అప్పుడు గాని ఎవరికీ తట్టలేదు. జాకబ్‌గారు ఆ గుడిలో ఎందుకు పుట్టి పెరిగారో మాత్రం అప్పుడు కూడా ఎవరికీ తట్టలేదు. మేం కమిటీ కదా.

తరవాతేముంది, వేసిన గచ్చు పగలగొట్టాం. వేదిక ముందు తొట్టి తవ్వించాం. మట్టి మోసింది ఎల్లమ్మ, సిమెంటు కలిపింది ఎల్లమ్మ, ఐదు మెట్లూ చేత్తో తడిమి నున్నచేసింది ఎల్లమ్మ. తాను మునగడానికి అర్హత లేదని కమిటీ తేల్చిన తొట్టిని ఆమె ఎంతో శ్రద్ధగా కట్టింది. ఈ వాక్యం రాయడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది, చదివి ఒక నిమిషం ఆగండి.

శనివారం పరీక్ష

ఈలోగా అరవై తొమ్మిది వచ్చింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో ఊరు అట్టుడికిపోయింది. నారాయణగూడ చౌరస్తాలో ఊరేగింపులు, లాఠీలు, బందులు. మా కోస్తా పెద్దలు రాత్రికి రాత్రి స్థానికులైపోవాలని చూశారు. జాకబ్‌గారు చిక్కడపల్లిలో కూరగాయలు కొనేటప్పుడు యాస మార్చి, "టమాటలు ఎట్లిస్తున్నవండీ" అనేవారు. ఆ 'అండీ' గుంటూరు నుంచి టిక్కెట్టు లేకుండా వచ్చినట్టు బయటపడేది. కూరగాయలమ్మే ఆమె, "సార్, మీ మాట మీరు మాట్లాడుండ్రి. నేనేం కొడతనా?" అని రెండు మిరపకాయలు ఎక్కువ వేసేది.

బందుల దెబ్బకు ఇళ్ళు కట్టే పనులు ఆగిపోయాయి. ఎల్లమ్మ వచ్చి చెప్పింది.

"అయ్యగారు, పని లేదు. మా గుంపంత సోమారం పొద్దుగాల పాలమూరు పోతున్నది. మల్ల ఎప్పుడొస్తమో, అసలు వస్తమో రామో. నేను మునిగి పోత. ఒక్కసారి ఆ రొట్టె తిని పోత. అడ్డం పడకుండ్రి."

ఆ ఆదివారమే మందిర ప్రతిష్ఠ. కోస్తా నుంచి మా బాప్టిస్టు సంఘాలన్నిటికీ పెద్ద అయిన అధ్యక్షులు రావాలి. కొత్త తొట్టిలో మొదటి బాప్తిస్మం జాకబ్‌గారి కొడుకు ప్రేమ్‌కుమార్‌కి అని కార్యక్రమం అచ్చయిపోయింది. ఎల్లమ్మని కూడా తీసుకోవాలంటే శనివారం సాయంత్రం మళ్ళీ పరీక్ష. ఈసారి ఆమె పది ఆజ్ఞలూ వరసగా చెప్పింది. జాకబ్‌గారు నిరుత్సాహపడకుండా ఇంకో ప్రశ్న వేశారు.

"రక్షణ అనగా నేమి?"

ఎల్లమ్మ తనకు తెలిసిందే చెప్పింది. "నా మొగడు సచ్చినంక నాకు మస్తు భయమయ్యేది సార్. పొద్దుమూకినా భయమే, తెల్లారినా భయమే. ఇప్పుడు అయితలేదు. దాన్ని ఏమంటరో మీరే జెప్పుండ్రి."

నేను ఇప్పటిదాకా చదివిన వేదాంత గ్రంథాలన్నిటినీ త్రాసులో ఒకవైపు పెట్టి, ఇంకోవైపు ఆ జవాబు పెడితే గ్రంథాలు గాల్లోకి లేస్తాయి. జాకబ్‌గారు మాత్రం పెన్ను మూత తీశారు.

"ఇది పాఠంలో ఉన్న జవాబు కాదమ్మా. బాప్తిస్మమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. పూర్తి అవగాహనతో, పూర్తిగా మునగాలి."

"అవును సార్" అని ఒప్పుకుంది ఎల్లమ్మ. తరవాత ఏ కల్మషమూ లేకుండా, తెలుసుకుందామన్న కోరికతో అడిగింది. "మీరు ఏడ మునిగిండ్రు సార్?"

"గుంటూరులో."

"గుంటూర్ల ఏడ? కాల్వలనా, తొట్లెనా?"

"గుళ్ళో."

"గుడి అంటే... గీ గుడి అసొంటిదేనా? గిన్నె ఉన్నదే?"

గదిలో ఈగ కూడా కూర్చుని జవాబు కోసం ఎదురుచూసింది. జాకబ్‌గారి మొహం ముందు ఎర్రబడింది, తరవాత తెల్లబడింది, చివరికి సున్నం వేసిన గోడలో కలిసిపోయింది. పుట్టిన పదకొండో రోజునే ఆయన మీద నీళ్ళు చిలకరించారు. మా సంఘం పెట్టినరోజున పాత సంఘం నుంచి సభ్యత్వపు ఉత్తరం తెచ్చి చూపిస్తే, చేతిరాత బాగుందని మిగతా కుటుంబాలవాళ్ళు సరేనన్నారు. ఏటికేడు కొత్తవాళ్ళని పరీక్ష చేస్తున్న మా వ్యవస్థాపక కార్యదర్శి, మా లెక్కలో ఇంకా బాప్తిస్మమే పొందలేదు. ఆయనకే ఆ సంగతి గుర్తులేదు. గుర్తు చేయగలిగిన మనిషిని రెండేళ్ళు చెప్పుల పక్కన కూర్చోబెట్టాం.

"ఎల్లమ్మ విషయంలో ఎవరికైనా అభ్యంతరముందా?" అని నేనే అడిగాను. ఎవరికీ లేదు. అందరూ జాకబ్‌గారిని చూడ్డంలో తీరికలేకుండా ఉన్నారు. ప్రేమ్‌కుమార్ తరవాత రెండోది ఎల్లమ్మ అని నిర్ణయమైంది.

లేచి వెళ్తూ ఎల్లమ్మ ఇంకోమాట చెప్పింది. "సార్, తొట్టి లోపటి పూత ఇంకా ఆరలె. ఇంకో నాలుగొద్దులు నీళ్ళు వొయ్యకుండ్రి, కారుతది."

"కార్యక్రమం అచ్చయిందమ్మా" అన్నారు జాకబ్‌గారు. సిమెంటు కూడా అచ్చు చూసి ఆరుతుందని ఆయన నమ్మకం.

నివేదిక, నీళ్ళు

ఆదివారం మళ్ళీ బందు. బస్సులు లేవు, అధ్యక్షులు రాలేదు. రాంనగర్ నుంచి, బాగ్ లింగంపల్లి నుంచి జనం నడిచి వచ్చారు. సుబ్బారాయుడుగారు తన నూతి మోటారు వేసి గోడమీంచి గొట్టం ఇచ్చారు. "మునగటానికి నీళ్ళు అడిగితే కాదనే గోదావరివాణ్ణి కాదండీ నేను" అన్నారు. తొట్టి నిండింది. ఐదు మెట్లూ మునిగాయి. అంత అందమైన నీళ్ళు నేను చూడలేదు.

అధ్యక్షుల ప్రసంగం లేదు కాబట్టి, ఆ ఖాళీలో జాకబ్‌గారు సంఘ స్థాపన, అభివృద్ధి అన్న నివేదిక చదవడానికి లేచారు. ఆ కట్ట చూసి నాకు ఇశ్రాయేలీయులు ఎడారిలో తిరిగిన నలభై ఏళ్ళు గుర్తొచ్చాయి. ఆయన వరండా రోజుల నుంచి మొదలుపెట్టారు. మొదటి ఏడు పూర్తయ్యేసరికి పైమెట్టు బయటపడింది.

నేను కళ్ళు నులుముకుని చూశాను. రెండో ఏడులో చాపలు కొన్నారు, రెండో మెట్టు తేలింది. నేను చేత్తో గోడవైపు సైగ చేశాను. గోడ అవతల నుంచి సుబ్బారాయుడుగారి గొంతు గంటకన్నా గట్టిగా మోగింది.

"పాస్టరుగారూ! నూతిలో కప్పలు కనబడుతున్నాయండీ! ఇక చుక్క రాదు!"

సంఘం దానికి 'ఆమెన్' అంది, అలవాటు మీద. జాకబ్‌గారు తల ఎత్తకుండా మూడో ఏడులోకి అడుగుపెట్టారు. మూడో ఏట కీర్తనల పుస్తకాలకు అట్టలు వేయించారట. ఏ రంగు అట్టలో కూడా రాశారు. మూడో మెట్టు సగం బయటికి వచ్చింది.

చివరివరసలో ఎల్లమ్మ, హుస్సేన్ సాగర్ గట్టుమీద కట్టుకున్న ఆ తెల్లచీరలోనే, మెట్లకేసి చూస్తోంది. కట్టినమనిషి కదా, ఎన్ని మెట్లు తేలితే మనిషి మునగదో ఆమెకు తెలుసు. ఆ నీళ్ళు ఇప్పుడు ఇద్దరికి చాలవు. ఇంకో ఏడు చదివితే ఒక్కరికీ చాలవు. రేపు పొద్దున ఆమె గుంపు వెళ్ళిపోతోంది. నాకు అదంతా తెలుసు. తెలిసీ నీళ్ళు నములుతున్నాను. లేచి 'ఇక చాలించండి' అనాలి. అంటే వెనకగది పోతుంది. అనకపోతే ఎల్లమ్మ. పక్కవరసలోంచి మా ఆవిడ నన్ను చూసిన చూపు పది ఆజ్ఞల్లో లేని పదకొండోది.

నోరు రాలేదు గాని, కాళ్ళు వచ్చాయి. తెల్ల అంగీతో లేచి, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి తొట్టిలోకి నడిచాను. దబదబమని చప్పుడైంది. నాలుగో ఏడు మధ్యలో ఆగింది.

"ఎల్లమ్మా, రా" అన్నాను.

"పిలగాడు ముందుగద, అయ్యగారు?"

"నీళ్ళు ఆగవమ్మా. రా."

"అయ్యగారూ, కార్యక్రమం ప్రకారం..." అన్నారు జాకబ్‌గారు. ఎల్లమ్మ ఆగి, ఆయనవైపు తిరిగి చూసింది, అంతే. మళ్ళీ ఏమైనా అడుగుతుందేమోనని ఆయనకు భయమేసినట్టుంది. కాగితాలు మడిచారు.

ఎల్లమ్మ తడబడకుండా మెట్లు దిగి, నేలమీద కాలితో వెతికి ఒకచోట గట్టిగా నిలబడింది. నా చెవిదగ్గర, "ఈడనే కారుతున్నది. మడిమె పెట్టి అదుముకున్న. జల్ది గానియ్యుండ్రి" అంది. నేను వెనక్కి వంచాను. వెంట్రుకతో సహా మునిగింది. పైకి లేచి, మొహమ్మీద నీళ్ళు తుడుచుకుని, అందరూ 'దేవునికి స్తోత్రం' అంటుందని ఎదురుచూస్తుంటే, నాలుగు వరసలకు వినిపించేలా అంది:

"మస్తు సల్లగున్నది!"

ఇంత నిజాయితీగల సాక్ష్యం ఆ మందిరంలో మళ్ళీ వినలేదు.

తరవాత ప్రేమ్‌కుమార్ దిగాడు. ఎల్లమ్మ మడమ తీసేసరికి నీళ్ళు పారిపోయాయి. ఆరడుగుల కుర్రాణ్ణి దాదాపు నేలమీద పడుకోబెట్టాను. వీపు మునిగింది, చెవులు మునిగాయి, ముక్కు మాత్రం దీవిలా తేలింది. నేను దోసిలితో దాని మీద ఇన్ని నీళ్ళు పోశాను. అంటే, తమ్ముళ్ళారా, చిలకరించాను. తండ్రి సంప్రదాయం కొడుక్కి ముక్కువరకైనా దక్కింది. ఈ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఆఖరున ప్రభువు బల్ల. పళ్ళెం పట్టుకుని వరసల్లో తిరిగేది జాకబ్‌గారే. ఎల్లమ్మ దాకా వచ్చారు. రెండేళ్ళ అలవాటు మీద చెయ్యి కొంచెం వంకర పోబోయింది, ఆగింది. ఆమె తడి చేతితో అన్నిటికన్నా పెద్దముక్క తీసుకుని, కళ్ళు మూసుకుని, నిదానంగా నమిలింది. జాకబ్‌గారు పళ్ళెం తెచ్చి బల్లమీద పెట్టారు. తను తీసుకోలేదు. ఆ సంగతి నేనొక్కణ్ణే గమనించాననుకుంటాను.

ఎల్లమ్మ సోమవారం పొద్దున వెళ్ళిపోయింది.

నారాయణగూడ అడ్డా

నన్ను వెనకగది నుంచి ఎవరూ పంపలేదు. ఇంతకాలం నేను భయపడ్డది ఒక ఖాళీ బెదిరింపుకి, అదీ ఎవరూ బెదిరించకుండానే. మీ వెనకగదులు కూడా చాలావరకు ఇలాంటివే. సంఘం ఎలా పెరిగిందని అడుగుతారు. నివేదికల వల్ల పెరగలేదు. 'చల్లటి నీళ్ళున్న గుడి' అని బస్తీల్లో పేరుపడి, చూసిపోదామని వచ్చినవాళ్ళలో కొందరు ఉండిపోయారు. జాకబ్‌గారు ఆ నెల నుంచి పళ్ళెం పట్టడం మానేసి, పరీక్షల కమిటీ రద్దుకు తానే తీర్మానం రాసి తెచ్చారు. కారణం అన్నచోట ఖాళీ వదిలారు. ఆయన ఫైల్లో అటువంటి ఖాళీ అదొక్కటే.

గొడవలు సద్దుమణిగాక పాలమూరు గుంపులు మళ్ళీ వచ్చాయి. ఒక ఉదయం జాకబ్‌గారు నన్ను వెంటబెట్టుకుని, ఎక్కడికో చెప్పకుండా, నారాయణగూడ చౌరస్తాలో కూలీలు పనికోసం నిలబడే అడ్డాకు తీసుకెళ్ళారు. ఎల్లమ్మ తట్ట బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది.

"వందనాలు అయ్యగారు. వందనాలు సార్. ఏంది, ఇంత దూరం వచ్చిండ్రు?"

"తొట్టి ఇంకా కారుతోందమ్మా" అన్నారు జాకబ్‌గారు, చౌరస్తాలో ఉన్న గడియారంకేసి చూస్తూ. "నువ్వే వచ్చి బాగుచెయ్యాలి. ఈసారి నువ్వు చెప్పినన్నాళ్ళూ ఆరనిద్దాం."

"చేస్త సార్. ఇప్పుడు ఎవరు మునుగుతరు?"

జాకబ్‌గారు ఒకసారి గొంతు సవరించుకున్నారు. అటూ ఇటూ చూశారు. అడ్డాలో ఉన్న కూలీలందరూ వింటున్నారు.

"నేనే."

ఎల్లమ్మ నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. మా కార్యదర్శిగారిని కాళ్ళనుంచి తలదాకా, గోడ కొలిచే మేస్త్రిలా ఒకసారి కొలిచి చూసింది. తట్ట తీసి నెత్తిన పెట్టుకుంది.

"గట్లయితే జర లోతు తవ్వాలె సార్. మీరు బాగ పొడుగున్నరు."